అప్‌డేట్: లూక్ శక్తి గురించి నేనడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది

స్టార్ వార్స్ నవలల్లో ‘ఫోర్స్’ అనే అతీంద్రియ శక్తి గల కథానాయకుడు లూక్ స్కైవాకర్‌కు ఎదురే లేనప్పుడు ఉత్కంఠ ఎలా నిలుస్తుందని ఇక్కడ అడిగాను. టిమొతీ జాన్ 1991 నాటి ‘హెయిర్ టు ది ఎంపైర్’ను సగంలో ఆపవద్దని, మిర్కర్ అనే గ్రహంలోని అడవి ఘట్టం వచ్చేదాకా చదవమని చెప్పినవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ సలహాయే ఫలించింది. చెట్లను అంటిపెట్టుకుని బతికే ఇసాలమిరి అనే బల్లివంటి జీవులు తమ చుట్టూ ఫోర్స్‌ను పనిచేయనివ్వవు కనుక, లూక్ అక్కడ మామూలు మనిషిగా మిగిలి, కర్రలతో కట్టిన చట్రంపై తన రోబో ఆర్‌టూను ఈడ్చుకుంటూ, తనను చంపాలని పంతం పట్టిన మారా జేడ్‌తోనే కలిసి నడవవలసి వస్తుంది. నవలంతటిలో నాకు అత్యంత ఇష్టమైన భాగం అదే. 2014లో ఈ నవలలను అధికారిక కథలో భాగం కాని ‘లెజెండ్స్’గా వేరు చేశారన్న చర్చకు నా ప్రశ్నతో సంబంధం లేదని తేలింది, ఈ నవల చదవడానికి మొదట వచ్చిన మూడు స్టార్ వార్స్ సినిమాలు చూసి ఉంటే చాలు.