అమ్మతో స్పితి లోయకు: మనాలి వైపు నుంచా, కిన్నౌర్ వైపు నుంచా?

ప్రశ్న (పాలకొండ):
సెప్టెంబరు రెండో సగంలో హిమాచల్‌లోని స్పితి వెళ్దామనుకుంటున్నాం. నేను, మా అమ్మ. ఆవిడకి 62, బీపీ మాత్ర వాడుతుంది, మా శ్రీకాకుళం దగ్గరి శాలిహుండం బౌద్ధ క్షేత్రం కొండ బాగానే ఎక్కుతుంది. ఇంటి నుంచి ఇంటికి 14 రోజులు. తాబో, ధన్‌కర్, కీ బౌద్ధ ఆరామాలు చూడాలి. మనాలి నుంచి స్పితిలో ముఖ్య పట్టణం కాజాకి ఒక్క రోజులో చేరిపోవచ్చంటున్నారు. అలాగే వెళ్లమంటారా?

జవాబు (బొబ్బిలి):
అలా మాత్రం వద్దండి. మనాలి సుమారు 2,050 మీటర్లు. అక్కడ పడుకుని లేచి, 4,500 దాటిన కుంజుం కనుమ ఎక్కి దిగి, ఆ రాత్రే 3,700 దగ్గరున్న కాజాలో పడుకోవాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500కి మించి పెరగకూడదు, లేకపోతే పలచటి గాలికి ఎత్తు జబ్బు చెయ్యొచ్చు. కొండలెక్కే అలవాటు దీనికి అక్కరకు రాదు, కుర్రాళ్లు కూడా పడిపోతారు.

షిమ్లా వైపు నుంచి, అంటే కిన్నౌర్ మీదుగా వెళ్లండి. షిమ్లా 2,200, కల్పా 2,960, తాబో 3,280, ఆ తర్వాత కాజా. మెట్లు కట్టినట్టే ఉంటుంది. కల్పాలో రెండు రాత్రులు, తాబోలో రెండు. నాకో అనే ఊరు దారిలోనే వస్తుంది గానీ అది 3,600 పైన. చూసి తాబోకి దిగిపోండి, రాత్రి అక్కడ ఉండొద్దు.

విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ నిజాముద్దీన్‌లో దిగొచ్చు. రోజూ ఉండదు, వారాలు చూసుకోండి. అక్కణ్ణుంచి షిమ్లాకి రాత్రి బస్సు. రానూపోనూ రైలే అయితే 14 రోజులూ సరిగ్గా సరిపోతాయి, ఒక్క రోజు కూడా మిగలదు. నాకో దగ్గర మల్లింగ్ నాలా అనే వాగులో చరియలు విరిగిపడితే దారి ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. తిరుగు ప్రయాణానికి ఢిల్లీ నుంచి విశాఖకి విమానం తీసుకుని, అలా మిగిలే రోజు ఆ ఆలస్యం కోసం అట్టేపెట్టండి.

జవాబు (శ్రీకాకుళం):
బొబ్బిలి వారు చెప్పిన దారే సరైనది. మందుల సంగతి చెప్తాను. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మామూలుగా 125 మి.గ్రా., రోజుకి రెండుసార్లు, ఎత్తు ఎక్కే ముందు రోజు నుంచి. కానీ సల్ఫా మందులు పడనివాళ్లకి ప్రమాదం. బీపీ మాత్రల్లో నీరు లాగేసే రకం ఉంటే రెండూ కలిసి ఒంట్లో లవణాలు తగ్గిపోవచ్చు. చీటీ పట్టుకుని డాక్టరుకి చూపించకుండా మొదలెట్టొద్దు. కాజాలో ఒట్టి తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం అయితే అక్కడే ఆగి విశ్రాంతి. నేల మీద గీత వెంట మడమకి బొటనవేలు ఆనించి నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే కిందకి దించేయాలి. నిద్రమాత్రలు అసలు వద్దు.

కొబ్బరినూనె అక్కడ సీసాలో రాయిలా గడ్డకడుతుంది, పెదాలకి వాజలీన్ పట్టుకెళ్లండి. కాజాలో నీళ్లు 88 డిగ్రీల లోపే మరుగుతాయి, అందుకే కుక్కరు లేని చోట అన్నం పలుకుగానే ఉంటుంది. అమ్మగారికి తుక్పా పెట్టించండి, వేడి పులుసులో సేమ్యాలా తేలిగ్గా దిగుతుంది. ఏటీఎంని నమ్ముకోకండి, నగదు షిమ్లాలోనే తీసుకోండి.

జవాబు (రామతీర్థం):
శాలిహుండంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి కదా, ఆ వజ్రయానమే (మంత్రతంత్రాల బౌద్ధ శాఖ) తాబోలో ఇంకా పూజలందుకుంటోంది. 996లో కట్టిన మట్టి ఆరామం. పెద్ద గుడిలోకి వెళ్లగానే ఏమీ కనబడదు. ఐదు నిమిషాలు కదలకుండా నిలబడండి. మధ్యలో వైరోచన బుద్ధుడు, చుట్టూ గోడలకి మనిషి ఎత్తు దాటి గాల్లో కూర్చున్నట్టు 32 మట్టి విగ్రహాలు ఒక్కొక్కటే తేలతాయి. ఎడమ నుంచి ప్రదక్షిణ చేస్తే ముందు దక్షిణపు గోడ మీద జ్ఞానం కోసం గురువుల దగ్గరకి తిరిగిన సుధనుడి యాత్ర, తర్వాత ఉత్తరపు గోడ మీద బుద్ధుడి జీవితం. లోపల ఫోటోలు తియ్యనివ్వరు. రంగులు పెళుసెక్కి ఉన్నాయి, చేతి సంచి కూడా గోడకి రాసుకోనివ్వొద్దు.

పాలకొండ:
కల్పా, తాబో రెండేసి రాత్రులు ఖాయం చేశాం. తిరిగొచ్చేటప్పుడు కుంజుం మీదుగా దిగొచ్చా?

బొబ్బిలి:
అప్పటికి ఒళ్లు అలవాటు పడుతుంది కాబట్టి ఎత్తుతో భయం తక్కువ. కానీ లోసర్ దాటాక బాతల్, గ్రాంఫూ దాకా రాళ్లూ వాగులే, రోజంతా కుదుపులు. అమ్మగారితో కాబట్టి వచ్చిన దారినే దిగండి.