నీట్ పిల్లలకి క్రియాటిన్: మెదడుకి ఛార్జింగా, ఉత్త భ్రమా?

పటమట పిల్లోడు:
మా తమ్ముడు బెజవాడ హాస్టల్లో నీట్ లాంగ్‌టర్మ్. ఒంటిగంటకి పడుకుని ఐదింటికి లేస్తాడు. రూమ్మేట్ చెప్పాడని జిమ్ములో కండల కోసం వాడే క్రియాటిన్ పొడి రోజూ 5 గ్రాములు నీళ్లలో కలుపుకుని తాగుతున్నాడు. టెన్షన్‌లో మెదడుకి శక్తి అట. నాన్న అది స్టెరాయిడ్ అని డబ్బా లాక్కున్నారు. మాది గుడ్డు కూడా తినని ఇల్లు. ఎవరిది రైటు?

ఏలూరు రోడ్డు జిమ్ము:
స్టెరాయిడ్ కాదు తమ్ముడూ, నాన్నగారికి చెప్పు. మన ఒంట్లోనే తయారవుతుంది, మాంసం, చేపల్లోనూ ఉంటుంది. కణం శక్తి కోసం ఖర్చుపెట్టే పదార్థం ఏటీపీ. అది తగ్గగానే ఫాస్ఫోక్రియాటిన్, అంటే ఫాస్ఫేట్ తగిలించుకున్న క్రియాటిన్, ఆ ఫాస్ఫేట్ ఇచ్చి మళ్లీ నింపుతుంది. పక్కింటి చేబదులు అనుకో. బరువులో 2 శాతం ఉన్న మెదడు ఒంటి శక్తిలో 20 శాతం వాడుకుంటుంది, దానికీ ఇదే దారి. 2003లో ఆస్ట్రేలియాలో 45 మంది శాకాహారులకి ఆరు వారాలు రోజూ 5 గ్రాములిస్తే జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగయ్యారు. 2024లో జర్మనీలో నిద్ర లేనివాళ్లకి ఒక్క డోసుతో చురుకు పెరిగింది.

బృందావన్ గార్డెన్స్:
ఆ డోసెంతో కూడా చెప్పండి సార్! కిలోకి 0.35 గ్రాములు. అరవై కిలోల పిల్లాడికి 21 గ్రాములు. పాల్గొన్నది 15 మంది, మేలుకున్నది ఒక్క రాత్రి. ఈ అబ్బాయిది నెలల తరబడి నడిచే ఒత్తిడి, రెండూ ఒకటెలా అవుతాయి? 2023లో 123 మందితో అదే 5 గ్రాములు, అదే ఆరు వారాలు చూస్తే లాభం చాలా స్వల్పం, శాకాహారులకి ప్రత్యేకంగా ఒరిగిందీ లేదు. పైగా రక్తం నుంచి మెదడులోకి క్రియాటిన్ నెమ్మదిగా, కొద్దిగానే వెళ్తుంది. కండలకి పనిచేసినట్టు తలకీ పనిచేస్తుందని జిమ్ముల్లో అనేసుకుంటారు.

కొత్తపేట ల్యాబు:
మధ్యలో దూరుతున్నా. ఇది వాడేవాళ్ల రక్తపరీక్షలో క్రియాటినిన్ (క్రియాటిన్ నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ పనితీరు దీంతోనే అంచనా వేస్తారు) కాస్త ఎక్కువ రావచ్చు. కిడ్నీ పోయిందని ఇంటిల్లిపాదీ ఏడ్చిన కేసు మా కౌంటర్ దగ్గరే చూశాను. వాడుతున్నట్టు ముందే చెప్పండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఏలూరు రోడ్డు జిమ్ము:
మేడమ్ చెప్పిన డోసు లెక్క కరెక్టే, ఒప్పుకుంటున్నా. కానీ హాని లేనిదాన్ని లాక్కోవడం దేనికి?

బృందావన్ గార్డెన్స్:
హాని డబ్బాలో లేదు. నాలుగు గంటల నిద్ర సరిపోతుందని వాడికి ధైర్యం ఇస్తోంది చూడండి, అక్కడుంది.

పటమట పిల్లోడు:
ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. డబ్బా ఇవ్వలేదు గానీ, పదకొండుకి లైట్లు ఆపించమని వార్డెన్‌కి ఫోన్ చేశారు. తమ్ముడు నాతో మాట్లాడ్డం మానేశాడు.