మీటింగ్‌లో నోరు పెగలడం లేదు. మీరెలా బయటపడ్డారు? (బెంగళూరు)

కడప_అమ్మాయి: మారతహళ్ళిలో పీజీ, బెళ్ళందూరులో ఆఫీసు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మూడేళ్ళు. మొన్న రిలీజ్ కాల్‌కి (కొత్త వెర్షన్ వదిలేముందు ఆన్‌లైన్ మీటింగ్) ముందే పేమెంట్ రెండుసార్లు కట్ అయ్యే బగ్ నాకు కనబడింది. కాల్ అయ్యేదాకా అన్‌మ్యూట్ మీద మౌస్ పెట్టుకుని కూర్చున్నా. "అందరికీ తెలిసిందే అయ్యుంటుంది, అడిగితే నవ్వుతారు" అనిపించింది. గురువారం రాత్రి ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే లైవ్ సిస్టమ్‌లో, అదే పేలింది. "ఎవరూ చూడలేదా?" అని లీడ్ అడిగితే అప్పుడూ నోరు మెదపలేదు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో మనమే రాసేసుకోవడాన్ని మైండ్ రీడింగ్ అంటారట. దీన్నుంచి ఎలా బయటపడాలి? ఆ బగ్ ముందే చూశానని ఇప్పుడు లీడ్‌కి చెప్పాలా?

సర్జాపూర్_రాజు: చెప్పకండి. రేటింగ్ పోతుంది.

తెనాలి_వాసి: నాది తెలుగు మీడియం, జిల్లా పరిషత్ స్కూలు. ముందు వాక్యం మనసులో కట్టుకోవాలి, టెన్స్ సరిచూసుకోవాలి, ఈలోపు టాపిక్ దాటిపోయేది. ఒకసారి "డిడ్ వెంట్" అన్నా, ఒకడు నవ్వాడు. గదిలో పన్నెండు మందుంటే నవ్వింది ఒక్కడే. నేను మాత్రం మూడేళ్ళపాటు అందరూ నవ్వారనే అనుకున్నా.

వైట్‌ఫీల్డ్_మూర్తి: నాకు 18 ఏళ్ళ అనుభవం, వందల ఇంటర్వ్యూలు చేశాను. మీడియం అనేది సాకు. ఇంగ్లీషు మీద పట్టు వస్తే ధైర్యం దానంతటదే వస్తుంది.

తెనాలి_వాసి: సాకా? నా టెన్స్ ఇప్పటికీ తప్పుతుంది మూర్తిగారూ. అయినా రోజూ అమెరికా క్లయింట్‌తో నేనే మాట్లాడుతున్నా. పట్టు వచ్చాక మాట్లాడలేదు, తప్పులతోనే మొదలుపెట్టా. ఇంటర్వ్యూలో మీ ఎదురుగా నోరు తెరవని పిల్లల్లో ఎంతమందికి పని వచ్చో మీకేం తెలుసు?

వైట్‌ఫీల్డ్_మూర్తి: వ్యక్తిగతంగా తీసుకోవద్దు. చూసింది చెప్పాను.

కడప_అమ్మాయి: నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే అండీ. అయినా ఇదే పరిస్థితి.

వాణి_బీటీఎం: ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను కాబట్టి చెబుతున్నా. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే డాక్టరు డిప్రెషన్ పేషెంట్లలో గమనించింది ఇదే. మనం పిలవకుండానే ఒక ఆలోచన వచ్చేస్తుంది, అదే నిజమని నమ్మేస్తాం. "పాజిటివ్‌గా ఉండు" అంటే పోదు, దానికి సాక్ష్యం ఏముందో అడగాలి. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు ఒక ప్రయోగం చేసి 2000లో అచ్చేశారు. సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థుల్ని గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మ చూసుంటారని వాళ్ళు అనుకున్నారు. చూసింది దాదాపు పావు వంతే.

వైట్‌ఫీల్డ్_మూర్తి: టీషర్టుకీ ప్రొడక్షన్ బగ్‌కీ సంబంధం ఏంటమ్మా?

వాణి_బీటీఎం: "అందరూ నన్నే చూస్తున్నారు" అనే కదా ఆ అమ్మాయి మ్యూట్ తియ్యనిది! చదివి అడగండి.

హెబ్బాళ_లక్ష్మి: అంతా ఆలోచనలోనే ఉందంటే నేను ఒప్పుకోను. మా పాత మేనేజర్ నిజంగానే అందరిముందు "బేసిక్స్ కూడా రావా" అనేవాడు. నాది భ్రమ కాదు. తేల్చుకోడానికి నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత కొట్టా. మాట్లాడేముందు ఎడమవైపు నా భయం, మీటింగ్ అయ్యాక కుడివైపు జరిగింది. రెండు నెలల్లో 19 సార్లు రాశా. 13 సార్లు ఏమీ కాలేదు. మిగతా 6 సార్లు గట్టిగా తిట్లు, ఆరూ ఆయన ఉన్న మీటింగుల్లోనే. ఆ పేజీ చూశాకే టీమ్ మార్చమని అడిగా. కొత్త టీమ్‌లో నేనే డెమో ఇస్తున్నా.

కొత్త_టెస్టర్: మారతహళ్ళి పీజీ ఎంతండీ? బెళ్ళందూరులో టెస్టింగ్ ఓపెనింగ్స్ ఉన్నాయా? 2 ఏళ్ళ అనుభవం.

తెనాలి_వాసి: లక్ష్మిగారూ, భయం ముందే రాయడం ముఖ్యం. తర్వాత రాస్తే మనసు లెక్క మార్చేస్తుంది.

వాణి_బీటీఎం: నిద్ర కూడా పోతుంటే 14416కి చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

కడప_అమ్మాయి: లక్ష్మక్కా, ఇవాళ స్టాండప్‌కి (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్) ముందు ఎడమవైపు రాశా: "రిఫండ్ కేసు టెస్ట్ కాలేదంటే నవ్వుతారు." చెప్పా. గొంతు వణికింది. లీడ్ "టికెట్ పెట్టు, రేపు చూద్దాం" అన్నాడు, తర్వాతివాళ్ళని పిలిచాడు. కుడివైపు అదే రాశా. పాత బగ్ సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.

సర్జాపూర్_రాజు: అది వద్దనే నా మాట.

తెనాలి_వాసి: చెప్పమ్మా. అదీ ముందు ఎడమవైపు రాసి.