క్లెజ్మర్ పెళ్లి సంగీతమేనా? మరి ఆ ఏడుపేంటి?

ప్రశ్న:
రెండు రోజులుగా యూట్యూబ్‌లో క్లారినెట్ వాద్యకారుడు నఫ్తూలె బ్రాండ్‌వైన్ పాత రికార్డులే వింటున్నా, 1920ల్లో న్యూయార్క్‌లో చేసినవి. క్లారినెట్ వెక్కి వెక్కి ఏడుస్తుంది, అంతలోనే గంతులేస్తుంది. దీన్ని క్లెజ్మర్ అంటారట, యూదుల పెళ్లి సంగీతమంటున్నారు. పెళ్లిలో ఏడుపేంటండీ? ఆయన జనానికి వీపు పెట్టి వాయించేవాడట, నిజమేనా?

జవాబు 1:
ఆ ఏడుపు తంతులో భాగమేనండీ. ఉక్రెయిన్, పోలండ్, రొమేనియా వైపు యిద్దిష్ మాట్లాడే యూదుల పెళ్లిళ్లలో బద్ఖన్ అని ఒకడుండేవాడు, సగం హాస్యగాడు, సగం కవి. ముహూర్తానికి ముందు పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి, నీ చిన్నతనం అయిపోయిందమ్మా అంటూ ఆశువుగా ప్రాసలు కడుతుంటే వెనక ఫిడేలు మూలిగేది, ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకునేవాళ్లు. మన అప్పగింతలే అనుకోండి, కాకపోతే పెళ్లికి ముందే. ఆ తర్వాత ఫ్రైలెఖ్స్, షేర్ లాంటి డాన్సులతో తెల్లవార్లూ హంగామా. మీరు విన్న వెక్కిళ్ల గమకాన్ని క్రెఖ్ట్స్ అంటారు. అసలు మొదట్లో రాజ్యం ఫిడేలుదే, పక్కన సంతూర్ లాంటి త్సింబ్ల్ అనే తీగల వాద్యం. క్లారినెట్ పెత్తనం 19వ శతాబ్దంలో మొదలైంది.

జవాబు 2:
వీపు కథ వాద్యగాళ్లు తరతరాలుగా చెప్పుకునేదే, వేళ్ల కిటుకు ఎవరూ కొట్టేయకూడదని అలా తిరిగేవాడట. ఒంటినిండా కరెంటు బల్బులు చుట్టుకుని స్టేజీ ఎక్కితే చెమటకి షాక్ కొట్టిందని ఇంకో కథ, నాకదే ఎక్కువిష్టం 😄 ఇలాంటి కథలు ఆయనతో మొదలవలేదులెండి. అంతకుముందే బెర్దిచెవ్ ఫిడేలు వాద్యకారుడు స్టెంపెన్యూ చుట్టూ ఎన్ని కథలు అల్లుకున్నాయంటే, 1888లో యిద్దిష్ రచయిత షోలెం అలైఖెం అతని పేరుతోనే నవల రాశాడు.

జవాబు 3:
కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఒక సరదా విషయం. వీళ్ల ఫ్రేగిష్ అనే మేళం స్వరాలు మన వకుళాభరణం రాగానివే, మిషెబేరఖ్ అనే మేళం స్వరాలు మన హేమవతి రాగానివే. చుట్టరికం ఉందని కాదు, పలికే తీరు పూర్తిగా వేరు. ఇంకో పేరు కూడా గుర్తుంచుకోండి, సంగీత పరిశోధకుడు మొయిసే బెరెగోవ్‌స్కీ. సోవియట్ కాలంలో ఊరూరా తిరిగి ఈ బాణీలు మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు, 1950లో ఆయన్నే అరెస్టు చేసి సైబీరియా క్యాంపుకి పంపారు. ఆ సిలిండర్లు ఇప్పుడు కీవ్ లైబ్రరీలో ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
హేమవతా! ఇవాళే వయొలిన్ తీస్తా. బ్రాండ్‌వైన్ తర్వాత ఎవర్ని వినాలి?

జవాబు 2:
డేవ్ టారస్, ఆయనదీ క్లారినెట్టే. ప్రతి నోటూ విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది, వింటూ నేర్చుకోవడానికి ఆయనే మేలు.