రాస్ప్‌బెర్రీ పై 5లో విండోస్ బిల్లింగ్ ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు

ప్రశ్న (కడప): అన్నా, ఎరువులంగడికి రాస్ప్‌బెర్రీ పై 5 (ఆర్మ్ చిప్ ఉండే చిన్న కంప్యూటర్) పెట్టినాం, 8 జీబీది. బాక్స్64 (ఇంటెల్ రకం కోడును ఆర్మ్‌కు తర్జుమా చేసేది), వైన్ (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపేది) ఎక్కించినా 64 బిట్ బిల్లింగ్ ప్రోగ్రాం మొదలవుతూనే ఆగిపోతాంది. ఏం చేయాల?

జవాబు (అనంతపురం): ముందు టెర్మినల్‌లో గెట్‌కాన్ఫ్ కమాండుతో పేజ్‌సైజ్ చూడు. 16384 బైట్లు, అంటే 16 కేబీ వస్తే తిప్పలు అక్కడే. పై 5 కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) మెమరీని 16 కేబీ పేజీలుగా పంచుతుంది. విండోస్ ప్రోగ్రాములు 4 కేబీ లెక్కన కట్టినవి. బూట్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ ఫైలు తెరిచి, చివర ‘కెర్నెల్=కెర్నెల్8.ఐఎంజీ’ వరుస చేర్చు. ఇంగ్లీషు అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా. రీబూట్ చేస్తే 4096 (4 కేబీ) కనపడాల.

జవాబు (కర్నూలు): వైన్ కూడా చూసుకో. ఆర్మ్ బిల్డ్ కాదు, ఎక్స్86-64 (ఇంటెల్ రకం చిప్‌కు కట్టిన) బిల్డే కావాల. బాక్స్64 తర్జుమా చేసేది ఆ కోడునే. తెరుచుకున్నాక మధ్యలో బిగుసుకుపోతే ‘బాక్స్64_డైనారెక్_స్ట్రాంగ్‌మెమ్=1’ అనే బాక్స్64 సెట్టింగు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టు. ఇంటెల్ చిప్ మెమరీ రాతలను వరుస తప్పకుండా చూపిస్తుంది, ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) ఎక్కువున్న ప్రోగ్రాం అక్కడే తడబడుతుంది. వేగం కొంచెం తగ్గుతుంది, అయినా లెక్క తప్పకపోవడమే ముఖ్యం.

ప్రశ్నించినవారు: 4096 వచ్చింది, ప్రోగ్రాం తెరుచుకుంది! లైసెన్స్ డాంగిల్ (ప్రోగ్రాంకు తాళంలా కంప్యూటర్‌కు గుచ్చే పరికరం) మాత్రం పట్టడంల్యా.

జవాబు (అనంతపురం): దాని డ్రైవర్ విండోస్ కెర్నెల్‌లో నడిచేది. బాక్స్64 తర్జుమా ప్రోగ్రాం వరకే. డాంగిల్ అవసరంలేని లైసెన్స్ ఉందేమో అమ్మినవాళ్లను అడుగు.