రాయలసీమ, తెలంగాణ పీఠభూములు ఒకటా, రెండా?

బెజవాడ గ్రూప్స్ అభ్యర్థి: నిన్న కోచింగ్‌లో దీని మీద పెద్ద గొడవ. ఈ రెండూ వేర్వేరు పీఠభూములని, మధ్యలో కృష్ణా, తుంగభద్ర హద్దని సార్ రాయించారు. నాకు ఎక్కలేదు. రెండూ దక్కనులో భాగమే, రెండిటి వాలూ ఎక్కువగా తూర్పుకే. మరి ఏం చూసి విడదీస్తున్నట్టు?

గుంటూరు రాళ్లబాబాయ్: వాలు చూసి తేలదు తమ్ముడూ, రాయి చూడు. తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైట్, నీస్ (లోతున వేడికి, ఒత్తిడికి మారిన చారల రాయి). హైదరాబాద్ బండలకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. కడప, కర్నూలు వైపు అలాంటి పాత రాయి మీదే సముద్రం పేర్చిన ఇసుక, మన్ను, సున్నం పొరలు పొరలుగా గట్టిపడ్డాయి. బేతంచర్ల నాపరాయి ఆ పొరల్లోదే. బెలుం గుహలు సున్నపురాయి కరిగి ఏర్పడ్డవి. గండికోట దగ్గర పెన్నా కోసుకుంటూ పోయింది కూడా ఈ పొరల్నే. తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, పైన ఇసుకరాయి మారి గట్టిపడ్డ క్వార్ట్‌జైట్, రెండూ కలిసే చోటు కంటికే కనిపిస్తుంది.

పాలమూరు పిల్లోడు: మరి అనంతపురం సంగతేంటన్నా? తాడిపత్రి వైపు వదిలేస్తే అక్కడా చాలావరకు గ్రానైట్, నీసే. మా దగ్గరున్నట్టే బోడిగుట్టలు, ఎర్రనేలలు, చెరువులు. ఇటు చూస్తే కృష్ణ దాటి అమ్రాబాద్ వచ్చినా నల్లమలే. నది హద్దెట్లయితది?

గుంటూరు రాళ్లబాబాయ్: నేననేదీ అదే. హద్దు నది కాదు, కడప బేసిన్ అంచు, అంటే నేను చెప్పిన ఆ పొరలు పేరుకున్న పల్లపు ప్రాంతం అంచు. అది మన పల్నాడులోకీ వచ్చింది. పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు, నది అవతల హుజూర్‌నగర్ సిమెంట్ ఫ్యాక్టరీలకు రాయి ఈ బేసిన్‌దే. రాయిని బట్టి చూస్తే పల్నాడు కడపకు చుట్టం, అనంతపురం మహబూబ్‌నగర్‌కు చుట్టం. చెరువులూ అదే చెప్తాయి. గట్టిరాయి మీద నీళ్లు నిలుస్తాయి కాబట్టి బుక్కపట్నం, ధర్మవరంలో అంత పెద్ద చెరువులు. సున్నపురాయి నేలలో నీళ్లు కిందికి జారిపోతాయి.

కడప కోడలు: చెరువుల లెక్క నాకు కుదర్లేదండీ. 1369 నాటి శాసనం ఉన్న పోరుమామిళ్ల చెరువు కడప జిల్లాలోదే కదా! కొండల మధ్య కట్ట వేస్తే ఏ రాయి మీదైనా చెరువవుతుంది. నన్నడిగితే అసలు తేడా వాన. అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్లు, తెలంగాణ సగటు 900 పైనే. పైగా తెలంగాణకు ఎక్కువ భాగం నైరుతి వానే. మాకు ఈశాన్యం కూడా కావాలి, అది మొహం చాటేస్తే మా కడప, చిత్తూరు పని అయిపోయినట్టే.

గుంటూరు రాళ్లబాబాయ్: పోరుమామిళ్ల మాట నిజమేనమ్మా, చెరువుల్ని పక్కన పెడదాం. కానీ వాన అనేది వాతావరణం లెక్కలోకి వస్తుంది. దాన్ని బట్టి పీఠభూమిని కోస్తే ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ కూడా విడిపోతాయి. ఆ మాటకొస్తే తెలంగాణ మాత్రం ఒకటే రాయా? వికారాబాద్, నిర్మల్ వైపు లావా రాయి, గోదావరి వెంట సింగరేణి బొగ్గు పొరలు.

బెజవాడ గ్రూప్స్ అభ్యర్థి: బాబాయ్, మరి మా ఇంద్రకీలాద్రి ఏ లెక్కలోకి వస్తుంది? పరీక్షలో ఏం రాయను?

గుంటూరు రాళ్లబాబాయ్: ఈ రెంటిలో దేనికీ రాదు. అది తూర్పు కనుమల్లో ఉండే ఖోండలైట్ అనే మారిన రాయి. పరీక్షలో బిట్ వస్తే సార్ చెప్పిందే పెట్టు, మార్కులు పోగొట్టుకోకు. మెయిన్స్‌లో మాత్రం బేసిన్ అంచు గీసి, అనంతపురాన్ని, అమ్రాబాద్‌ని విడిగా చూపించు.