నేవీ అధికారి సొరుగుల పెట్టె అంటున్నారు, అసలుదో కాదో ఎలా చూడాలి?

ప్రశ్న (పోర్ట్స్‌మత్ నుంచి):
అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక వేలంశాలలో ఈ శనివారం ఒక సొరుగుల పెట్టె అమ్ముతున్నారు. టేకుది, పైభాగం కిందభాగం విడివిడిగా వస్తాయి. మూలలకు ఇత్తడి కట్లు, సొరుగులకు చెక్కలోకి దిగిపోయిన పిడులు ఉన్నాయి. కేటలాగులో ‘విక్టోరియా కాలపు నౌకాదళ క్యాంపెయిన్ చెస్ట్’ అని రాశారు, అంటే అధికారులు ప్రయాణాల్లో వెంట తీసుకెళ్ళే సొరుగుల పెట్టె. తాళం మీద కిరీటం, వి.ఆర్. అక్షరాలు ఉన్నాయి కాబట్టి నేవీదేనట. నాకు తెగ నచ్చింది. కానీ పాత ఫర్నిచర్ కొనడం ఇదే మొదటిసారి, టెన్షన్‌గా ఉంది. శుక్రవారం వెళ్ళి చూసుకోవచ్చన్నారు. ఏమేం చూడాలో చెప్తారా?

జవాబు (రెడింగ్ నుంచి):
ముందు ఆ తాళం సంగతి తేల్చేద్దాం. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. ఆమె ఏలిన 1837–1901 మధ్య మామూలు ఇళ్ళలో వాడే బల్లల తాళాల మీద కూడా ఆ ముద్ర ఉండేది. దాన్నిబట్టి తాళం ఏ కాలానిదో ఒక అంచనాకు రావచ్చు. పెట్టె ఎవరిదో మాత్రం తెలియదు. పైగా తాళాలు మార్చడం చాలా తేలిక.

‘నేవీ’ అన్న మాట కేటలాగులో ఉంటే ధర పెరుగుతుంది, అందుకే చాలా వాటికి తగిలిస్తారు. అప్పట్లో అధికారులు తమ సామాను తామే డబ్బు పెట్టి కొనుక్కునేవారు. లండన్ స్ట్రాండ్‌లోని జె.డబ్ల్యూ. అలెన్, డంకనన్ వీధిలోని హిల్ అండ్ మిల్లర్డ్, డబ్లిన్‌లోని రాస్ అండ్ కో లాంటి దుకాణాల్లో ఒకే రకం పెట్టె సైన్యాధికారీ కొనేవాడు, నౌకాధికారీ కొనేవాడు, ఇండియాకు ఉద్యోగానికి బయల్దేరే సివిల్ ఉద్యోగీ కొనేవాడు. పేరో, ఓడ పేరో, కుటుంబం దగ్గర కాగితాలో ఉంటే తప్ప నేవీది అని ఒప్పుకోకండి, దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి.

శుక్రవారం వెళ్ళినప్పుడు ఇత్తడిని ఆఖర్న చూడండి. అందరి కన్నూ ముందు దానిమీదే పడుతుంది, నకిలీ చేసేవాళ్ళ పనితనమంతా కూడా అక్కడే ఉంటుంది. మీరు ఒక టార్చి పట్టుకెళ్ళి, పైభాగాన్ని దింపి చూపించమని అడగండి. ఇది ప్రయాణాల కోసం చేసిన వస్తువు. ఓడ లోపలి సామాను గదిలోకి, ఎద్దుబండి మీదికి, కంచర గాడిద వీపుకి ఎక్కించడానికి వీలుగా విడిపోవాలి. కాబట్టి మామూలుగా పైభాగానికి దాని సొంత అడుగు, కిందభాగానికి దాని సొంత పైకప్పు ఉంటాయి. రెంటినీ కదలకుండా పట్టి ఉంచే చెక్క మేకులు, వాటికి సరిపోయే గుంతలు ఉంటాయి. ఇంట్లో వాడే ఒంటి పెట్టెను మధ్యకి కోసి, ఇత్తడి కొట్టి, క్యాంపెయిన్ చెస్ట్ అని అమ్మేవాళ్ళున్నారు. కోసిన అంచు కొత్తగా, తేటగా ఉంటే, లేదా దాన్ని రంగు పూసి దాచినట్టు కనిపిస్తే అనుమానించాల్సిందే.

తర్వాత కాళ్ళు. అసలు వాటిలో చాలావరకు గుండ్రంగా తరిణ పట్టిన కాళ్ళుంటాయి. వాటి తలకు చెక్కలోనే మర చెక్కి ఉంటుంది, తిప్పితే ఊడి వస్తాయి. ఒక కాలు ఊడదీసి మర మీద వేలు పెట్టి చూడండి. నూరేళ్ళకు పైగా బిగించీ విప్పీ ఉంటే ఆ అంచులు నునుపు తేలి, మట్టి మైనం పట్టి నల్లబడి ఉంటాయి. కాళ్ళు పోయి కొత్తవి వేయడం మామూలే, దానివల్ల పెట్టె నకిలీ అయిపోదు. కానీ కాళ్ళు దిగే రంధ్రాలు పాతవై ఉండాలి.

స్క్రూలు కూడా చూడండి. సుమారు 1850కి ముందువాటికి కొన మొండిగా ఉంటుంది, తల మీది గాడి ఒక్కోసారి నడిమధ్యన ఉండదు. ఆ తర్వాత మొన తేలిన యంత్రపు స్క్రూలు వచ్చాయి. ప్లస్ గుర్తు గాడి ఉన్నవి 1930లలో పుట్టినవి. ఒకటీ అరా ఉంటే రిపేరు అనుకోండి. ఇత్తడంతా వాటితోనే బిగించి ఉంటే ఆ ఇత్తడి తర్వాత వచ్చిందే. అసలు ఇత్తడి మందంగా ఉంటుంది. చెక్కను తొలిచి అందులో దించుతారు కాబట్టి చేత్తో తడిమితే చెక్కా ఇత్తడీ ఒకే మట్టంగా తగలాలి.

ఒక జాగ్రత్త. లోపల గుండ్రటి రంపం గీతలు కనిపిస్తే కంగారుపడి వదిలేయకండి. విక్టోరియా కాలంలో ఆ రంపాలు బాగానే వాడుకలో ఉన్నాయి.

పోర్ట్స్‌మత్ (శుక్రవారం రాత్రి):
వెళ్ళి చూశానండీ. కాళ్ళు ఊడాయి, మరలు మీరు చెప్పినట్టే నల్లగా ఉన్నాయి. కింది సొరుగుల మూలల్లో డవ్‌టెయిల్ అతుకులు (పావురం తోక ఆకారంలో కోసి ఒకదానిలో ఒకటి ఇరికించేవి) చేత్తో కోసినవి, సన్నగా, ఎడం ఎక్కువ తక్కువగా ఉన్నాయి. పై సొరుగులకు మాత్రం వెడల్పుగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. వెనక పలకలు కింద నిలువుగా, పైన అడ్డంగా ఉన్నాయి. పైభాగం మధ్య సొరుగుకి ముందు పలక వాలి రాతబల్ల అవుతుంది. దాని లోపల ‘ఆర్మీ అండ్ నేవీ’ అని ఇత్తడి బిళ్ళ ఉంది. క్రిమియా యుద్ధానికి వెళ్ళొచ్చిన పెట్టె అని అక్కడివాళ్ళు చెప్పారు.

రెడింగ్:
బాగా చూశారండీ. మీరు చెప్పినదాన్నిబట్టి అది రెండు వేర్వేరు పెట్టెల పైభాగం, కిందభాగం కలిపిన జత. ఒకే వడ్రంగి ఒకే పెట్టెకి రెండు రకాల అతుకులు, వెనక పలకలు రెండు దిక్కులుగా పెట్టడు. ఇలాంటి జతలు చాలా కనిపిస్తాయి. అన్నదమ్ములు పంచుకుంటే ఒక భాగం ఒకరికి పోతుంది, ఇంకోటి ఎక్కడో దొరుకుతుంది.

క్రిమియా కథ నిలబడదు. ఆ యుద్ధం జరిగింది 1853–56లో. ఆ బిళ్ళ మీద పేరున్న దుకాణం, అంటే ఆర్మీ అండ్ నేవీ కో-ఆపరేటివ్ సొసైటీని, అధికారులు పెట్టుకున్నది 1871లో. ఆ బిళ్ళ మొదటినుంచీ ఉన్నదే అయితే పైభాగం 1871 తర్వాతిదే. బిళ్ళ పక్కన చెక్క రంగు, బిళ్ళ అంచు కింద చెక్క రంగు తేడాగా ఉన్నాయేమో చూడండి. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటే కింద చెక్క వేరే రంగులో ఉంటుంది.

అయినా వదిలేయమని నేననను. రెండు భాగాలూ పాతవే, టేకు మంచిది. రోజూ వాడుకోవడానికి, మీ రాతబల్లగా పెట్టుకోవడానికి అది చక్కటి వస్తువు. జత కలిపినదాని ధరకే పాడండి, అంతే. సుత్తి పడిన ధర (వేలంలో ఖాయమైన ధర) మీద వేలంశాల కమిషన్, ఆ కమిషన్ మీద పన్ను కూడా పడతాయి, అవన్నీ కలుపుకొని మీ హద్దు ముందే రాసిపెట్టుకోండి.

సికింద్రాబాద్ నుంచి:
అన్నా, మధ్యలో వస్తున్నా. మా తాతగారు తిరుమలగిరి కంటోన్మెంట్‌లో కొన్న మడత కుర్చీ మా ఇంట్లో ఉంది. నాలుగు కాళ్ళు, మధ్యలో కర్రలు, కాన్వాసు సీటు, తోలు పట్టీల చేతులు. మేకు ఒక్కటీ లేదు. విప్పితే సంచిలో పట్టేస్తుంది. దీన్ని, ఏనుగు దంతం పొదిగిన పాత విశాఖపట్నం రాతపెట్టెని న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయికి పంపుదామనుకుంటున్నాను.

రెడింగ్:
అమ్మా, అది రూర్కీ కుర్చీ. బెంగాల్ సాపర్ల (సైనిక ఇంజనీర్ల దళం) కేంద్రం రూర్కీలో ఉండేది, పేరు అక్కడి నుంచే వచ్చింది. కర్రల కొనలు సన్నగా చెక్కి కాళ్ళ రంధ్రాల్లోకి దూరుస్తారు, జిగురుండదు. మనిషి కూర్చుంటే ఆ బరువుకే బిగుస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు కాళ్ళూ నేలకు ఆనతాయి, డేరాల్లో ఉండేవాళ్ళకు కావాల్సింది అదే. కాన్వాసు, తోలు మార్చి ఉంటే బెంగ పెట్టుకోకండి, అవి అరిగిపోయేవే. కర్రల కొనలు చూడండి, పాతదైతే రంధ్రంలో తిరిగి తిరిగి నున్నగా మెరుస్తుంటాయి.

పంపడం మాత్రం ఆపండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన ఇలాంటి వస్తువుల్ని మనం సొంతంగా దేశం దాటించకూడదు. కుర్చీకి అన్నేళ్ళు లేవనుకుంటే పురావస్తు శాఖకి చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోండి. దంతం పెట్టె దారి వేరు. మన వన్యప్రాణి చట్టం కింద దంతం కొనడం, అమ్మడం నిషేధం. పాతదే కదా, ఎవరికి తెలుస్తుంది అని కొరియర్‌లో పెట్టారో, చిక్కు మీకూ మీ అబ్బాయికీ కూడా. అది మన విశాఖ పనివాళ్ళ చేతిపని, ఇంట్లోనే ఉంచండి. ఎండ తగలనివ్వకండి, ఏసీ గాలి నేరుగా కొట్టకుండా చూడండి, దంతం పలకలు పగిలి లేస్తాయి.

పోర్ట్స్‌మత్ (శనివారం):
నా హద్దులోపే వచ్చిందండీ! రేపు వ్యాన్‌లో తెస్తున్నా. ఇత్తడి నల్లగా ఉంది, మెరిసేలా తోమించనా? చెక్కకి కొత్త వార్నిష్ వేయించనా?

రెడింగ్:
శుభం! వార్నిష్ వద్దు. పాత పాలిష్ గీకేస్తే మళ్ళీ రాదు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి పల్చగా మైనం పట్టించండి, చాలు. ఇత్తడికి కూడా పొడిగుడ్డే. తోమే ద్రావకం చెక్క సందుల్లోకి దిగితే తెల్లగా గడ్డకట్టి అసహ్యంగా ఉంటుంది. కాళ్ళు బిగించే ముందు మరలకు కొవ్వొత్తి మైనం రాయండి, పట్టకారు వాడకండి. ముఖ్యంగా, నిలబెట్టాక నేలమీద ఈడ్చకండి, చెక్క మర అక్కడికక్కడే విరుగుతుంది. జరపాలంటే సొరుగులు తీసి, పైభాగం దింపి, ఇద్దరు కలిసి విడివిడిగా ఎత్తండి.